రెండో కాపీ

మంచు తుఫానుకు కరెంటు పోయిన మర్నాడు, అమెరికాలోని డులూత్‌లో ఒక బడి కంప్యూటర్ గదిలో ఒక టీచరూ, ఒకప్పటి ఆమె విద్యార్థీ, ఇప్పుడు ఆ బడి కంప్యూటర్లు చూసుకునే అతనూ మాట్లాడుకుంటున్నారు.

"కరెంటు పోయి చెడిన వర్చువల్ మెషీన్ డిస్క్‌ని, అదే కంప్యూటర్‌లోపలి కంప్యూటర్‌ని, ఎలాగో తెరిచాను మేడం. కానీ మీవారు పిల్లలకు చదివిన కథల రికార్డింగులు పాడైపోయాయి. ఒక్కటీ పలకడం లేదు."

"పోనీలే ఆర్విడ్. రెండో కాపీ ఉందిగా?"

"లేదు మేడం. మా జట్టు హాకీ ఆటల వీడియోలకి చోటు చాలక చెరిపేశాను."

"గెలిచారా మరి?"

"ఓడిపోయాం. మళ్ళీ కాపీ తీద్దామనుకుంటూనే ఉన్నాను."

"ఆయన సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని, ఆ గొంతు రెండు చోట్ల భద్రంగా ఉందన్నావు."

"అన్నాను."

"అప్పటికి చెరిపేసి ఎన్నాళ్ళయింది?"

"నాలుగు రోజులు మేడం."