గడి లేని పొగ

గంజాయి సర్వే కాగితాలతో వచ్చిన ఆశా కార్యకర్త యమున, చేపలమ్మే అసిరమ్మ. అసిరమ్మ ఇంటి అరుగు మీద.

“గంజాయా? ఏటే యమునా, అరవయ్యేళ్ళు దాటినదాన్ని, నానేటి గంజాయేటి?”

“నానడగట్నేదత్తా, కాగితం అడుగుతన్నాది. తాగుతావా, తాగవా?”

“తాగను. సుట్ట కాలుస్తాను. అడ్డపొగ. నిప్పు నోట్లోపలికెట్టి, పదమూడో ఏటి నుంచి. అది రాసుకో.”

“దానికి కాగితంలో గడి నేదు.”

“నేదా?”

“నేదు. ఈ ఏడు అన్నీ గంజాయే. ర్యాలీ గంజాయి, టోపీలు గంజాయి, పరిశోధనంటే గంజాయి.”

“మరి పోయినేడు పళ్ళ డాక్టరు లైటేసి మా ఆడోల్ల నోళ్ళన్నీ సూసినాడు. మల్లీ వస్తానన్నాడు కదే.”

“రాడు. ఆ కేంపు డబ్బులు దీనికి మార్చీసినారు.”

“సీ. మన పేటకల్లా గంజాయోడు ఆ దేవేంద్రగాడొక్కడు. అడ్డపొగ ఆడోలం నలబై మందిమి. కూర్మమ్మకి అంగిలి సిల్లడిపోయి గంజి ముక్కులోంచి వస్తన్నాది. ఇంకేటి సూడాలంట ఆలకి?”

“మీటింగులో అదే అన్నాను. గోడ మీద ఒక్క బొమ్మైనా ఎయ్యండి, సుట్ట కాల్చే ఆడదాని బొమ్మ అన్నాను. ‘ముసలమ్మల సుట్టలు ఎవరిక్కావాల, గంజాయైతే పేపర్లో వస్తాది’ అన్నాడు ఆఫీసరు. అసయ్యమేసింది అత్తా.”

“థూ. సర్లే, కూడు తినీసి ఎల్లు. నెత్తళ్ళ పులుసున్నాది.”

“ఒద్దత్తా.”

“మొన్నా ఒద్దన్నావు.”

“ఆకలి నేదు. సల్లటి మజ్జిగుంటే ఇయ్యి.”

“మొన్నా మజ్జిగే. సరే, నాను గంజాయి తాగుతన్నానని రాసీ. అప్పుడైనా డాక్టరొస్తాడు కదా?”

“కూర్మమ్మకి అలాగే రాసినాను. డాక్టరు రానేదు, పోలీసోలొచ్చినారు. మంచమ్మీదున్న మనిషిని, ఎవడమ్మినాడు సెప్పు అని అడిగినారు.”

“ఈలకి సిగ్గునేదా?”

“నేదు. అయినా నీకేటత్తా, నీ నోరు బాగానే ఉన్నాదని డాక్టరన్నాడు కదా. ఎందుకు మాటిమాటికీ ఆ కేంపు అడుగుతావు?”

“నాక్కాదు.”

“మరెవరికి?”

“పొద్దున్నే నీ దొడ్లో పొగ సూస్తన్నాను, రెండేళ్ళయినాది.”

“ఆ… అది పొయ్యిది.”

“గేసు పొయ్యికి పొగేటే? పులుసొద్దంటన్నావు, మజ్జిగంటన్నావు. కూర్మమ్మకీ ముందు కారమే పడనేదు.”

“అత్తా, నీకు దండమెడతాను. ఆశాని నాను. అందరికీ మానమని సెప్పేదాన్ని.”

“నోట్లో మంటెన్నాళ్ళయినాది?”

“నాలుగు నెల్లు. ఎవరికీ సెప్పకు.”

“సెప్తే మాత్రం ఎక్కడ రాసుకుంటారు, గడే నేదు కదా. ఆ కాగితాలక్కడెట్టు. పోను లైటెయ్యి. ఏదీ, నోరు తెరు.”