తడిచేతికి లొంగే పెట్టె: నోఎమీ అర్బెలాయెస్ గారికి అభినందన

1991 ఫిబ్రవరి 4, సోమవారం ఉదయం శ్రీమతి నోఎమీ అర్బెలాయెస్ గారు ఇతగూయీ పట్టణంలోని మా అట్టపెట్టెల కర్మాగారంలో నమూనాల విభాగపు సహాయకురాలిగా చేరారు. అప్పట్లో పెట్టెను పెన్సిలుతో గీసి, కత్తిరించి, మడిచి చూసేవారు. ఆరేళ్లకు కంప్యూటర్లు రాగానే వారు సాయంకాలపు తరగతులకు వెళ్లి డిజైన్ సాఫ్ట్‌వేర్ అభ్యసించి, విభాగంలో తొలి డిజైనరు అయ్యారు.

పెట్టెను చింపి తెరిచే పట్టీని తెరపై రూపొందించడం వారి ప్రత్యేక విద్య. బొటనవేలు దూరేంత చంద్రవంక, అక్కడినుంచి చీమల బారులా సాగే చిన్న చిన్న కోతలు, లాగగానే సన్నని చిటపట: ఆ శబ్దానికి వారి ముఖం వెలిగే తీరు చూసినవారికి ఆ రోజంతా హాయిగా గడిచేది.

2008 ఆగస్టులో ఒక చాక్లెట్ పెట్టె నమూనాపై పెట్టెలు కొనే సంస్థ ఆమోద సంతకం పెట్టింది. ఆ మధ్యాహ్నమే దానిని, అట్టను కత్తిరించే కోత అచ్చు తయారీకి పంపాలి. విభాగాధిపతి పదవికి నోఎమీ గారి పేరు ఆ వారమే పరిశీలనలో ఉంది. వారు అలవాటు ప్రకారం నమూనా పెట్టెను క్యాంటీన్‌లో అరేపాలనే మొక్కజొన్న రొట్టెలు చేస్తున్న ఫాబియోలా గారి తడిచేతికి ఇచ్చారు. పట్టీ సగం దూరం వచ్చి పక్కకు చీలింది. పాలలో కరిగించి తాగే చాక్లెట్ బిళ్లలు నేలపాలయ్యాయి.

"ఏంటమ్మా నోఎమీ, దీంతోపాటు కత్తి కూడా ఇస్తారా, మేమే కొనుక్కోవాలా?"

అట్టకు చెక్కలాగే నారవాలు ఉంటుంది; నారలు సాగిన దిశలోనే అది సులువుగా చిరుగుతుంది. పెట్టె గీతను అట్ట పలకపై సర్దేందుకు అడ్డంగా తిప్పినప్పుడు నోఎమీ గారు ఆ వాలును మరిచారు. ఎవరూ గమనించని ఆ లోపాన్ని వారే వెళ్లి అధికారి ఎవేలియో గారికి చెప్పారు.

"స్క్రీన్ మీద చక్కగా తెరుచుకుంది కదమ్మా!"

"స్క్రీన్ మీద నేను ఎటు గీస్తే అటే చిరుగుతుంది సార్. అట్ట నా మాట వినదు. తప్పు నాదే, అచ్చు ఆపండి."

"నీ ప్రమోషన్ కాగితం నా టేబుల్ మీదుంది, తెలుసా?"

"తెలుసు. కావాలంటే అదీ ఆపండి."

ఆయన రెండూ ఆపారు. మూడు రోజుల్లో నోఎమీ గారు కోతలను ఏటవాలుగా, నారను మధ్య మధ్య తెంపేలా మళ్లీ రూపొందించారు. ఫాబియోలా గారు ఒక్క లాగుతో తెరిచి, "ఇక కూర్చో తల్లీ, చాక్లెట్ తాగు" అన్నారు.

ఆ పదవి నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. స్వీకరించిన రోజే వారు ఒక నియమం పెట్టారు: తడిచేత్తో తెరిచి చూడనిదే ఏ నమూనాపైనా సంతకం చేయరాదు. పదమూడేళ్లుగా మేము దానిని తప్పలేదు, ఇకపైనా తప్పము. ఈ రోజు వారు పదవీ విరమణ చేస్తున్నారు.

ఆలస్యమైన ఆ నాలుగేళ్లకు బదులుగా కాలం వారికి ఎన్నో రెట్లు ఆయుష్షు ఇవ్వాలని, భర్త ఒర్లాందో గారితో కలిసి ఆరోగ్యంగా, తొందరలేని ఉదయాలతో నిండు నూరేళ్లు జీవించాలని సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాము.