ఆ వెలుగుకి నేను పెట్టిన పేరు

హలో… ఆ, నేనే. ఫాదర్నే… లేదు నూకరాజూ, లైను తెగలేదు. నేనే పెట్టేశాను. నువ్వు దీవెన అడిగావు చూడు, అప్పుడు.

మళ్లీ చేశావు, మంచిపని చేశావు. నేనైతే చేసేవాణ్ణి కాదు… నిజంగానే.

ఎక్కడున్నావు?… డ్రైవర్ల బుకింగ్ ఆఫీసులోనే ఉన్నావా. డ్యూటీకి సంతకం పెట్టేశావా?… బండి ఎన్నింటికి?… పదకొండుకి. అయితే నలభై నిమిషాలుంది.

నిన్న జరిగింది మళ్లీ ఒకసారి చెప్పు. మెల్లగా… ఊ… సిగ్నలు ఎర్రగా ఉంది. అంతవరకూ గుర్తుంది… సాంబ్రాణి వాసన… ఊ… ఆ తర్వాత వెలుగు… ఆ తర్వాత?

ఏమీ లేదు. అంతేనా? కళ్లు తెరిస్తే బండి ఆగి ఉంది. గిరిబాబు బ్రేకు మీద చెయ్యి తియ్యకుండా నీ మొహంలోకి చూస్తున్నాడు… అసిస్టెంటు చురుగ్గా ఉన్నాడు కాబట్టి సరిపోయింది. వాడు వెయ్యకపోతే?

దేవుడు వేయించాడా… కాదు బాబూ. వాడు భయపడి వేశాడు. దాంట్లోకి దేవుణ్ణి తీసుకురాకు. నేను తెచ్చింది చాలు.

ఎవరికీ చెప్పనన్నాడా… అచ్ఛా. ఇవాళ కూడా నీ పక్కన వాడేనా?… కొత్తవాడా.

కొత్తవాడు.

నూకరాజూ, నువ్వు ఇవాళ బండి ఎక్కకూడదు… శకునం కాదు. కలా రాలేదు. నవ్వకు, నువ్వు నవ్వితే నేను చెప్పలేను… అది జబ్బు… ఏది అంటావేటి? ఆ వాసన, ఆ వెలుగు, ఆ తర్వాత ఏమీ గుర్తులేకపోవడం. మూడూ కలిపి ఒకటే జబ్బు. ఇంగ్లీషులో పెద్ద పేరుంది. మందుంది.

…

అవును. ధ్యానఫలం అన్నాను. పోయిన దీపావళి ముందు, మంగళవారం నొవేనా ప్రార్థన అయ్యాక, చర్చి మెట్ల మీద నీ చెయ్యి పట్టుకుని మరీ అన్నాను. మీ ఆవిడ అచ్చియమ్మ, నీకు నూకాలమ్మ తల్లి పూనిందంటే ఆవిణ్ణి చూసి నవ్వాను. నవ్వి, ఇంకా పెద్ద పేరు పెట్టాను. ఆవిడ మాట విన్నా బాగుండేది. ఎవరికో ఒకరికి చూపించేది. ఎవరికీ చెప్పొద్దన్నది నేను.

లేదు… తెలియక కాదు.

ఉన్నావా?… తెలుసు నూకరాజూ. నువ్వు సాంబ్రాణి అనగానే తెలిసింది… డాక్టర్ని కాను. నాకూ వచ్చేది. నాకు బొగ్గు కాలిన వాసన. తర్వాత వెలుగు. పూజలో పాత్ర పైకెత్తి అలాగే ఉండిపోయేవాణ్ణి. జనం మోకాళ్ల మీద కన్నీళ్లు పెట్టుకునేవారు. నేనూ నమ్మాను.

ఇప్పుడా?… రాదు. మూడేళ్ల కిందట, ఎనభై ఎనిమిదిలో, నాగపూరు వెళ్లి చూపించుకున్నాను. ఎవరికీ చెప్పకుండా, ప్యాంటూ చొక్కా వేసుకుని. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. మొదలెట్టిన నెలకి వెలుగు పోయింది.

హాయిగానా… నీకెలా చెప్పను. ఇరవై ఏళ్లు పిల్లలకి ఫిజిక్సు చెప్పినవాణ్ణి. మాత్ర ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు. ఎందుకు ఏడుస్తున్నానో తెలిసేది కాదు.

ఆ పుస్తకం రాశాను కదా… అదే. మెదడు కిటికీలాంటిది, వెలుగు బయటనుంచి వస్తుంది, సైన్సుకీ ప్రార్థనకీ పేచీ లేదని. మాత్రలు మింగుతూ రాశాను. అందులో మాత్రల ఊసు ఎక్కడా లేదు. మూడో అధ్యాయంలో ‘ఒక శ్రామికుడు’ అని వస్తాడు… ఆ, నువ్వే. నువ్వు హిందీలో చదువుకున్నావు, తెలుగు చదవలేవని తెలుసు. తెలిసే రాశాను.

ప్రతి మంగళవారం నిన్ను కూర్చోబెట్టి అడిగేవాణ్ణి చూడు… ఏ రంగు, ఏ వైపునుంచి, ఎంతసేపని. టీ ఇప్పించేవాణ్ణి. నీ మీద ప్రేమ అనుకున్నావు… కొంచెం ఉంది, లేదనను. కానీ నాది పోయింది. నీ దగ్గర ఉంది. నువ్వు చెబుతుంటే కళ్లు మూసుకునేవాణ్ణి. నువ్వు కూడా మాత్ర వేసుకుంటే అదీ ఆరిపోతుందని—

తిట్టు… గట్టిగానే తిట్టు. అక్కడ నలుగురూ ఉంటే ఉండనీ.

ఏటి?… స్కూటరా?

…అందుకే. బాగానే పట్టావు. పాడవలేదు. స్కూలు వెనక షెడ్డులో గుడ్డ కప్పి ఉంది. డాక్టరు ఎక్కొద్దన్నాడు, ఆ రోజునుంచి ఎక్కలేదు. తిఫ్రా బస్తీకీ మంగ్లా బస్తీకీ నడిచే వెళ్తున్నాను. పేదరికపు వ్రతమని అందరూ మెచ్చుకుంటుంటే తల దించుకుని నిలబడ్డాను. అదీ వినయమే అనుకున్నారు.

అవును. స్కూటరు మీంచి పడితే నేనొక్కణ్ణే పడతాను. నీ వెనక అన్ని పెట్టెలు… అవును నూకరాజూ. పిల్లలున్నారు, ముసలాళ్లున్నారు. నువ్వు చెప్పక్కర్లేదు… చెప్పు. చెప్పు, వింటాను.

…

దేవుడు కాదా అంటే, నాకు తెలీదు. ఇన్నేళ్లు చదివి కూడా తెలీదు. మాత్ర దేవుడు లేడని చెప్పలేదు. స్కూటరెక్కొద్దని చెప్పింది. నా వరకు ఆ ముక్క విన్నాను, నీ దగ్గరకొచ్చేసరికి దేవుడి మాట ఎత్తాను.

ఉద్యోగం పోదు. క్వార్టరూ పోదు. ఇంజను మీంచి దింపి ఏ స్టోర్సులోనో వేస్తారు… అవును, ఇంజను పోతుంది. అది నీకు ఎంతో నాకు తెలుసు… సరే. తెలియదు. తెలియదు బాబూ.

పక్కన డ్యూటీలు వేసే అప్పారావుగారు ఉన్నారా? ఫోను ఆయనకియ్యి… నువ్వు చెప్పవు. ఈ ఒక్క ట్రిప్పు అంటావు… చూశావా, అన్నావు. నేనూ అంతే, ఈ ఒక్క మంగళవారం అనుకునేవాణ్ణి.

ఇయ్యి… నామీద కోపముంటే ఆ కోపంతోనే ఇయ్యి.

…

హలో… అప్పారావుగారా? నమస్కారమండీ. చర్చి ఫాదర్ని… ఆ, పుస్తకం రాసినాయన్నే. నూకరాజుని ఇవాళ బండెక్కనివ్వకండి. వేరే డ్రైవర్ని వెయ్యండి, ఇతన్ని రైల్వే డాక్టరు దగ్గరికి పంపండి… తాగలేదండీ. అతను తాగడు… తెలివి తప్పుతుంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే… నిన్న కూడా… నాకెలా తెలుసంటే—

నాకూ అదే ఉందండీ.

వినబడలేదా?… ఇంజను లోపలికి వస్తోందా. ఆ… జబ్బు అంటున్నాను, జబ్బు… కాగితం మీద జబ్బు పేరు రాయాలా. డాక్టరు రాస్తాడు కదా… ఇప్పుడే కావాలా.

ఒక్క క్షణం. ఇక్కడ వరండా నిండా చర్చికొచ్చిన జనం ఉన్నారు… అప్పలనర్సమ్మా, ఉండమ్మా, వాళ్లని పంపకు. తలుపూ వెయ్యకు.

మూర్ఛ!… మూర్ఛండీ! మూర్ఛరోగం! నూకరాజుకీ, నాకూ!… ఆ, ఫాదర్కే! మూడేళ్లబట్టీ మాత్రలు మింగుతున్నాను!

…

రాశారా.

అతనేం చేస్తున్నాడు?… బల్ల మీద కూర్చున్నాడా. మంచినీళ్లు ఇప్పించండి… వద్దు, మాట్లాడమనకండి. నేను వస్తున్నానని మాత్రం చెప్పండి.

…రావద్దన్నాడా.

సరే. గుమ్మం బయట నిలబడతానని చెప్పండి. ఉంటానండీ.