తన రుజువు తానే

హలో… ఆ, నేనే అన్నయ్యా. ఆఫీసు నుంచే. ముందు ఇది చెప్పు, బండి వదిలేశావా?

…ఇంకా లేదా. అమ్మయ్య. వదలకు.

—తర్వాత తిడుదువుగాని. స్టేషన్ మాస్టరువి నువ్వు, ఆపడం నీ చేతిలో పని. నాలుగు ముక్కలు విను.

…ఆ, సిగ్నళ్లు వేసే ఆ కొత్త మిషనే. ఒకే పట్టా మీదకి ఎదురెదురుగా రెండు బళ్లని రానివ్వదని లెక్క కట్టి రుజువు చేసింది మేమే… ఆ రుజువులో తప్పేం లేదు. అది నిలబడ్డ మిషన్ లెక్కల పునాదే చెడింది.

నిన్న మా పెద్దాయనకి సరదా పుట్టింది. 'నీ లెక్కల్లో ఎన్నటికీ వైరుధ్యం రాదని నువ్వే రుజువు చెయ్యి' అన్నాడు మిషన్‌తో. చిటికెలో చేసేసింది. అందరూ చప్పట్లు…

…మంచిదేంటి, నా మొహం. పునాది గట్టిగా ఉన్న లెక్క ఏదీ తన గురించి తాను ఆ హామీ ఇచ్చుకోలేదు. బయట నుంచి ఇంకొకరు చూడాల్సిందే. తనే ఇచ్చుకుందంటే లోపల బీటలు వారినట్టు.

…వేదాంతం కాదు, నవ్వకు. పొద్దున్నే వచ్చి అడిగాను, సున్నా ఒకటీ సమానమా అని. రుజువైంది అంది. కాదా అన్నాను. అదీ రుజువైంది అంది.

…ఆ. ఇంక దాన్ని ఏదడిగినా అంతే. బళ్లు గుద్దుకోవని రుజువు చేసింది. గుద్దుకుంటాయనీ చేసింది.

…ఎవరు? ఎదురొచ్చే బండిలో వదినా? చంటిదాన్ని కూడా తీసుకునా?

…పక్క స్టేషన్ దాటేసిందా ఆ బండి. అయితే నీ వైపు ఎరుపు ఉండాలి. తెర చూడకు, కిటికీలోంచి దీపం చూడు.

…పచ్చా.

…నీ దగ్గరున్న బండి కదిలిందా? ఎరుపు నొక్కు అన్నయ్యా. నొక్కావా… ఏమంటోంది?

…'ఎరుపు అక్కర్లేదు. రుజువైంది.'

—విను. ఏడవకు, విను. బండి ప్లాట్‌ఫాం దాటేదాకా గార్డు వెనక పెట్టెలోంచి మీ వైపే చూస్తుంటాడు అనేవాడివిగా. ఇంకా చూస్తున్నారా ఈ రోజుల్లో?

…తెలీదా. సరే. ఎర్రజెండా ఉందా? బూజు పట్టినా పర్లేదు, తీసుకుని పరుగెత్తు. ఫోన్ అక్కడే వదిలెయ్.

…

అన్నయ్యా?

…గార్డు గారూ. ఒక్కసారి వెనక్కి చూడండి.