బాటిల్ నాయుడూ, కర్రీ నాయుడూ

హలో… ఆ, నేనే. మిసెస్ నాయుడూనే మాట్లాడేది… మీరెవరండీ?

మిసెస్ నాయుడూనా? ఏ మిసెస్ నాయుడూ తల్లీ? మా చాట్స్‌వర్త్‌లో వీధి మొదట్లో నిలబడి ‘మిసెస్ నాయుడూ’ అని ఒక్క కేక వెయ్యండి, సగం తలుపులు తెరుచుకుంటాయి… సమోసాల ఆర్డరా? అయితే రేపు కుదరదు, రేపు మా ఇంట్లో నిశ్చయ—

అయ్యో! ఆండాళమ్మగారా! ప్రెషెన్ వాళ్ళమ్మ! మారిట్జ్‌బర్గ్ నుంచి!… నా బుద్ధి మండ. కాబోయే వియ్యపురాల్ని పట్టుకుని సమోసాలు కావాలా అంటున్నా…

లేదు లేదు, పనేం లేదు. రేపటికే మడుస్తున్నా. చెయ్యంతా పిండి, ఉండండి, స్పీకర్లో పెడతా… ఆ, ఇప్పుడు చెప్పండి.

ఆ…

ఆ…

ఎవరు చెప్పారు మీకు?… ప్రెషెనా? వాడికెవరు… మా కిమేష్నీయా? ఏడ్చిందా ఫోన్లో? చూశారా, దీని నోట్లో నువ్వుగింజ నానదు. ‘నేను సర్దుతానే, రేపటిదాకా ఊరుకో’ అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

అయ్యయ్యో, అంత మాట అనకండి. మేం ఎందుకు వెనక్కి తగ్గుతాం? మీ అబ్బాయికి ఏం తక్కువ? మా ఆయన సన్నీ అయితే కూతుర్ని వదిలేసి అల్లుడితోనే క్రికెట్ చూస్తున్నాడు… నిజం! కావాలంటే ఆయన్నే అడగండి.

వినండి. ఒక్క మాట వినండి. పేచీ అంతా మా అత్తగారిది. అవ్వ అంటాం, ఇంటిల్లిపాదీ… ఆవిడే, మీవాడు మా ఇంటికి భోజనానికొచ్చిన రోజు వాడి పళ్ళెంలో రెండోసారి కోడికూర వేసింది చూడండి… అప్పటికి ఇంటిపేరు తెలీదుగా! ‘ప్రెషెన్’ అంటే ప్రెషెన్ అనుకుంది. చేతులు కడుక్కునేటప్పుడు ‘మీ ఇంటిపేరేంటి నాయనా’ అంది. వాడు ‘నాయుడూ’ అన్నాడు. అంతే, తువ్వాలు కూడా ఇవ్వలేదు వాడికి.

మరి మేమూ నాయుడూలమేగా! అదే గొడవ… నవ్వకండి. నవ్వితే నాకూ నవ్వొస్తుంది, పక్క గదిలో ఉంది ఆవిడ. ‘నాయుడూ పిల్లా, నాయుడూ పిల్లాడూ అంటే అన్నాచెల్లెళ్ళే. ఆ నిశ్చయానికి నేను దీపం పెట్టను’ అని భీష్మించుకుని కూర్చుంది.

తెలుసండీ. ఊళ్ళో నాయుడూలు నాయుడూల్ని చేసుకోవడం కొత్తా? ఎదురింటివాళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, విడాకులు కూడా తీసుకున్నారు! ఆ మాటే అన్నాను. ‘అందుకే తీసుకున్నారు’ అంది. ఏం చెప్తాం?

దీపం నేనే పెట్టొచ్చు… పెట్టగలను. కానీ అవ్వ పెట్టకపోతే కిమేష్నీ కుర్చీలో కూర్చోదు. నేను బట్టల ఫ్యాక్టరీకి పోయిన రోజుల్లో దాన్ని వొళ్ళో వేసుకుని పెంచింది ఆవిడే. పోనీ అవ్వకి ఎదురుతిరగవే అంటే, ‘నువ్వు తిరిగావా ఎప్పుడైనా’ అంటుంది నన్ను.

ఏంటీ?… అక్కా అని పిలవాలా మిమ్మల్ని?

వద్దు! వద్దు వద్దు వద్దు! ఆండాళమ్మగారూ, మీ నోటికి దణ్ణం. ఆ మాట అవ్వ చెవిన పడితే ఇంక అయిపోయినట్టే… మరి చూడండి, ఇద్దరు మగవాళ్ళూ ఒకే ఇంటివాళ్ళయితే మనం తోడికోడళ్ళం. తోడికోడళ్ళయితే మీరు నాకు అక్క. మీరు అక్కయితే మీవాడు మా దానికి అన్న… కదా? అందుకే చూడండి, ఇందాకట్నుంచీ ఆండాళమ్మగారూ ఆండాళమ్మగారూ అని పోస్ట్‌మాస్టర్‌లా పిలుస్తున్నా. వదినా అనాలని నోరు దురదపెడుతోంది, అవ్వ ఒప్పుకునేదాకా అనలేను.

అదే నేనూ చెప్పాను! నాయుడు అనేది ఇంటిపేరు కాదు, బిరుదు, పెద్దమనిషి అని. మా తెలుగు సభ పెద్దాయన్ని ఇంటికి పిలిపించి మరీ చెప్పించాను… ఆయన చెప్పిందేంటంటే, చెరుకుతోటల కూలికని ఇండియా నుంచి వచ్చి ఇక్కడ ఓడ దిగినవాణ్ణి తెల్లదొర ‘నీ పేరేంటి’ అంటే, ‘ఫలానా ఇంటి ఫలానా నాయుడండీ’ అని ఉంటాడు. అంత పొడుగు ఎవడు వింటాడు? తోక పట్టుకున్నాడు, చివర ఇంగ్లీషు ‘ఓ’లు రెండు సున్నాల్లా చుట్టాడు, పొమ్మన్నాడు. ముందున్న అసలు ఇంటిపేరు రేవులోనే ఉండిపోయింది… ఆ. అలా ఊరి నిండా రెండు సున్నాల నాయుడూలు!

అవ్వేమందా? ‘అయితే ఆ ముందున్న పేరేంటో చెప్పించు, రెండూ వేరైతే దీపం పెడతా’ అంది. పెద్దాయన టీ తాగేసి వెళ్ళిపోయాడు.

అడగని వాళ్ళు లేరమ్మా. మా మరిది డెన్నిస్ పెర్త్‌లో ఉంటాడు, ఫ్యామిలీ గ్రూప్ పెట్టాడు. ఆక్లాండ్ నుంచి ఒకరు, లండన్ నుంచి ఒకరు, టొరంటోలో ఒక పళ్ళ డాక్టరు… మారిషస్ వాళ్ళు ఫ్రెంచిలో పెడతారు, ఎవరికీ అర్థం కాదు, అందరూ దణ్ణం బొమ్మ పెడతారు. ఇంటిపేరు మాత్రం ఒక్కడికి తెలీదు… పెర్త్‌లో వాళ్ళ వీధిలోనే ఒక ఫిజీ నాయుడు దొరికాడట. వాళ్ళకి సున్నాలు లేవు, చివర ఉత్త ‘యు’. ఆయన ముక్కు మా మామగారి ముక్కేనని ఫొటో పంపాడు డెన్నిస్. నాకైతే రెండు ముక్కుల్లోనూ ముక్కే కనిపించింది.

అదీ చేశాడు! ఉమ్మి గొట్టంలో పోసి పంపాడు, డీఎన్‌ఏ పరీక్షకి. ఇన్ని వారాలు ఆగితే ఏం వచ్చింది? ‘మీ పూర్వీకులు ఇండియావాళ్ళు’ అని! అవ్వని అడిగితే ఉమ్మి లేకుండానే చెప్పేది.

ఆ… చెప్పండి. మీ వైపు పెద్దవాళ్ళు ఎవరూ లేరా?… అత్తగారు పోయారా. ఎప్పుడు?… అయ్యో పాపం.

టొంగాట్‌లోనా ఉండేవారు? చెరుకు మిల్లు దగ్గర… ఆ, అక్కడ నాయుడూలు మా కన్నా ఎక్కువంటారు కదా. మరి ఎట్లా గుర్తుపట్టేవాళ్ళు?… మా దగ్గరా అంతే! బస్సున్నాయన బస్ నాయుడూ, పాలమ్మినాయన మిల్క్ నాయుడూ. మిల్క్ నాయుడూ మనవడు ఇప్పుడు లాయరు, అయినా పాపం మిల్క్ నాయుడూయే…

మిమ్మల్నేమనేవాళ్ళు?

కర్రీ నాయుడూనా! అబ్బ, బాగుంది. హోటలుండేదా మీ మామగారికి?… మరి బండి పెట్టి అమ్మేవారా?… అదీ లేదా. బాయిలర్ దగ్గర పనా?… వాళ్ళ నాన్నగారు?… ఆయనా మిల్లులోనేనా. ఇంట్లో వంట చేసేవాళ్ళా పోనీ?… నీళ్ళు కాచడం కూడా రాదా! మా సన్నీ లాగే… మరి కర్రీ ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

మీ పేరు నయమండీ. అన్నం గుర్తొస్తుంది. మమ్మల్నేమంటారో తెలుసా? బాటిల్ నాయుడూ. అవును, బాటిల్! తాతమామగారు చుక్క ముట్టి ఎరగరు. సీసాల వ్యాపారమా అంటే అదీ లేదు, బడిలో బంట్రోతు. అయినా గుళ్ళో, పెళ్ళిళ్ళలో, ‘బాటిల్ నాయుడూగారి పళ్ళెం ఇటు’ అని మైకులో… ఆ పేరు వింటే అవ్వ ఇప్పటికీ లేచి వెళ్ళిపోతుంది. అందుకే సన్నీ బీరు కూడా గరాజ్‌లో తాగుతాడు, కారు చాటున.

ఏంటీ? వినబడలేదు… మీ అత్తగారు ఒప్పుకునేవారు కాదా? ఎందుకు?… ‘కర్రీ కాదు’ అనేవారా? మరి ఎట్లా అనేవారు?… ఆగండి ఆగండి, ఇంకోసారి—

కోతి! ఏయ్! హుష్! కిటికీలోంచి… కిమేష్నీ! చీపురు తేవే! పళ్ళెం, పళ్ళెం లాక్కో! ఏయ్, దరిద్రం మొహమా!… పట్టుకుపోయింది. రెండు సమోసాలు. పచ్చి పిండివి తిని కడుపునొప్పి వచ్చి చావాలి… ఉన్నారా? లైన్లో ఉన్నారా?… ఆ, ఏమనేవారు మీ అత్తగారు? నెమ్మదిగా చెప్పండి.

కర్రి.

దీర్ఘం లేదా?… కర్రి. పొట్టిగా… ‘మనం కర్రోళ్ళం’ అనేవారా? ఎప్పుడనేవారు?… పెద్దలకి అన్నం పెట్టేటప్పుడా… ‘కర్రోళ్ళ పెద్దలూ, వచ్చి తినండి’ అని…

ఆండాళమ్మగారూ. పెద్దల్ని ఎవరైనా కూర పేరు పెట్టి పిలుస్తారా?

అది కూర కాదమ్మా! ఇంటిపేరది! కర్రి ఇంటిపేరు! ముందున్న పేరు రేవులో పడిపోలేదు, టొంగాట్‌లో మీ అత్తగారి నోట్లో ఉంది! జనం దాన్ని కూర చేసుకుని తినేశారు!… ఏడవకండి. నవ్వుతున్నారా? ఏదో ఒకటి తేల్చుకోండి, నాకు తెలియడం లేదు ఇక్కడ…

సగం గెలిచాం. మా సగం ఉందిగా ఇంకా. అవ్వ వేరని నమ్మాలంటే మా పేరు కూడా… మాది బాటిల్ అయి కూర్చుంది, దాంట్లోంచి ఏం తీస్తాం? బాటిల్… బాటిల్…

ష్… ఉండండి. అవ్వ లేచి వచ్చింది. గుమ్మంలో నిలబడింది… స్పీకర్లో ఉందిగా, అంతా విన్నట్టుంది… అవ్వా, నువ్వు కూర్చో, కోతి వెళ్ళిపోయిందిలే… ఏంటి అవ్వా? నెమ్మదిగా చెప్పు…

ఆండాళమ్మగారూ, అవ్వ అడుగుతోంది, మీ అత్తగారు ‘కర్రోళ్ళు’ అనేటప్పుడు తిట్టినట్టు అనేదా, గర్వంగా అనేదా అని… గర్వంగానా?… గర్వంగానట అవ్వా.

…

అవ్వా? ఏమైంది? కుర్చీ తెచ్చుకో… కిమేష్నీ, అవ్వకి నీళ్ళియ్యి.

లేదండీ, బాగానే ఉంది… ఏదో చెప్తోంది. ఉండండి, వినబడ్డంత నేను చెప్తా. పెళ్ళయిన మొదటి శుక్రవారమట. వాళ్ళత్త చేతికి అగ్గిపెట్టె ఇచ్చిందట. ఇచ్చి… ‘బొట్లోళ్ళ కోడలివి, దీపం పెట్టు’ అందట.

బొట్లోళ్ళ కోడలివి.

బాటిల్ కాదమ్మా… బొట్ల. బొట్లవాళ్ళు… అవ్వ స్టాంగర్ ఊరి పిల్ల, అప్పల్సామీల ఇంటి పిల్ల, ఇంగ్లీషు బడిలో చదివింది. బొట్లోళ్ళు అంటే ఆవిడకి బాటిలోళ్ళు అని వినబడింది. ఊళ్ళోవాళ్ళు అనే ఆ తాగుబోతు పేరే అత్త కూడా అంటోంది అనుకుంది. ‘తాగుబోతులకి కోడలివయ్యావు’ అని దీపం ముందు నిలబెట్టి ఎత్తిపొడిచిందనుకుంది… ఆ రోజు నుంచి ఆ అత్తగారు పోయేదాకా నోరారా ‘అత్తా’ అని పిలవలేదట. ‘ఏమండీ’, ‘ఇదిగో’, అంతే…

ఆ…

ఏడుస్తోంది… లేదు, నేను ఆపను. ఏడవనివ్వండి. ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచీ మా అవ్వ ఏడవగా చూళ్ళేదు నేను. పాపం ఆ ముసలావిడ పేరు తీసి చేతిలో పెడితే, ఈవిడ తిట్టనుకుని విసిరికొట్టింది.

మీరూ ఏడుస్తున్నారా? చాలమ్మా, సమోసాల పిండిలో మీ ఉప్పు, నా ఉప్పు…

ఆ? ఏంటవ్వా?… చెప్తాను చెప్తాను… రేపు ఎన్ని గంటలకి వస్తారని అడుగుతోంది మిమ్మల్ని. ఎండ ఎక్కకముందే రావాలట. దీపం తనే పెడుతుందట… అవునండీ! నిజంగా!… వెలిగించాక అగ్గిపెట్టె మన పిల్ల చేతికి ఇస్తుందట. ఇచ్చి తనే చెప్తుందట, ‘బొట్లోళ్ళ ఆడపిల్లవి, కర్రోళ్ళ కోడలివి’ అని. గట్టిగా. మైకులో చెప్తుందట!

ఇదిగో మా కిమేష్నీ ఎగురుతోంది, పళ్ళెం తన్నేసింది. కోతి తినగా మిగిలినవి ఇది నేలపాలు చేసింది… పోనివ్వండి, మళ్ళీ మడుస్తా.

డెన్నిస్‌కా? చెప్పాలి. ఉమ్మి దండగైందని చెప్పాలి… సన్నీకి కూడా. గరాజ్‌లోంచి బయటికి రావచ్చని.

సరేనమ్మా, ఉంటాను. ప్రెషెన్‌కి చెప్పండి, అవ్వ మళ్ళీ కోడికూర వండుతోందని… ఆ. పెడతాను మరి, ఆండాళమ్మగా—

ఏంటవ్వా?… ఆ?…

ఆండాళమ్మగారూ, మా అవ్వ తిడుతోంది నన్ను. ‘ఇంకా ఆ పోస్ట్‌మాస్టర్ పిలుపేంటే, ఆవిడ నీకేమవుతుంది?’ అని…

ఉంటాను… వదినా.

… మీరూ అనండి మరి.

… వినబడలేదు. ఇంకోసారి. గట్టిగా, అవ్వకి కూడా వినబడాలి…

ఆ. వినబడింది వదినా. ఇద్దరికీ వినబడింది.