మా యమ్మను మోసింది నేను గాదు

"తాతా, వరద ముచ్చట మొన్ననే రికార్డు చేసి మన గ్రూపుల పెట్టిన గద. మల్ల చెప్తనంటవేంది?"

ఎందుకంటవా? ముందుగల ఆ ఫోను నా ముందర పెట్టు. ఎర్ర సుక్క వడ్డదా? ఆఁ. మొన్న నా గొంతు ఇని నేనే మురిసిపోయిన బిడ్డా, రేడియోల మాట్లాడినట్టే ఉండె. గొంతు మంచిగనే ఉన్నది. ముచ్చటనే అబద్ధం.

నవ్వకు. నువ్వది పెట్టంగనే అందరు దండాలు పెట్టిరి. మీ చిన్నాయన "మా నాయిన పులి" అని రాసె. ఇంగ సూడు, రెండు దినాలు ఈ గద్వాల ఇంట్ల నేను పులి లెక్కనే తిరిగితి. మీ అమ్మ చాయ్ ఇస్తే గూడ పులి తాగినట్టు తాగితి. పులి చాయ్ తాగుతదా అని అడగకు, నాకు తెల్వదు.

మూడోనాడు పొద్దుగాల కోడేరు కెల్లి మా చెల్లె ఫోన్ జేసె. సాయమ్మ, మీ నాయినకు మేనత్త.

"అన్నా, నీ కత ఇన్న. అమ్మను బుజాల మీద మోస్కోని వరద దాటినవంట. మంచిగున్నది. మరి ఆ దినం నేనాడ లేనా?" అనె.

అది అమ్మను సూస్తందుకొచ్చి ఆ దినం మా ఇంట్లనే ఉండె గద! ఇన్నేండ్లు నేను ఈ కత ఎన్నడు చెప్పినా అది కోడేర్ల ఉండె, నాకు ఫికరే లేకుండె. ఈ ఫోను కోడేరు దాంక గూడ పోతదని నాకేం ఎరుక?

తిడ్తదేమో అనుకున్న. తిట్టలే. "చెప్పుకో, నాకేంది. గని వదిన పోయి రెండేండ్లు గాలే. కతంత చెప్పినవు, ఆమె పేరు ఒక్కసారన్న తీసినవా అన్నా?" అని ఫోను పెట్టేసె. వదిన అంటే మీ జేజినే గద. తిట్టినా బాగుండు.

అందుకే గిప్పుడు ఉన్నదున్నట్టు చెప్తున్న. ఇను.

అలంపూర్ల మన ఇల్లు ఏటి దిక్కు, పల్లంల ఉండె. రెండే అర్రలు. ముందరర్రల నా కుట్టు మిషిను, గుడ్డలు కత్తిరించే పెద్ద బల్ల. నేను పని నేర్సిన కాలంల జాకిట్ కుడితే ముప్పావల. ముప్పావలనా, రూపాయనా? మీ జేజి ఉంటే చెప్తుండె, అన్ని ఆమెకే యాదుంటుండె. నాకు ఆమెను అడుగుడే యాదుంటుండె. ఏడున్న? ఆఁ, వరద.

నువ్వప్పుడు మూడేండ్ల పిల్లవు, ఈడ గద్వాల్ల మీ అమ్మ సంకల ఉంటివి. ఆడ మేం నలుగురం. నేను, మీ జేజి నర్సమ్మ, మా యమ్మ, చెల్లె. మా యమ్మకు ఎనబై దాటినయి, కండ్లు సరిగ్గ కానరాకుండె. ఏరు పొంగుతుందని పొద్దటి సంది అంటనే ఉండిరి. మీ జేజి "జర ముందుగల్నే పోదాం" అనె. నేనేమంటి? "ఈ ఏరు నాకు సిన్నప్పటి సంది ఎరుక, మన గడప తొక్కదు" అంటి. ఏరు ఇనిందో ఏమో, పగటీలి బువ్వ యాల్లకు సీదా గడప దాటి లోపటికొచ్చె.

మోకాళ్ల దాంకొచ్చె, నడుముల దాంకొచ్చె. ఎదురుంగ ఒక బంగ్ల ఉండె, దాని మీదికెక్కితే బతుకుతం. నడుమ ఒక్క సందు, అంతే. మీ జేజి ఏం జేసింది? కొంగు నడుముకు బిగించి కట్టె. మా యమ్మ ముందర వంగె. "అత్తా, నా మెడ పట్టుకో, పిస్కకు" అనె. సాయమ్మను తన చీర పట్టుకోమనె. గట్ల ముగ్గురు ఆడోళ్లు నీళ్లల్లకెల్లి పోతుండ్రు.

మరి పులేడున్నది? బల్ల మీద ఉన్నది. గుడ్డలు కత్తిరించే బల్ల మీదికెక్కి, గోడకు ఆనుకోని, మెడల టేపు యేసుకోని నిలవడ్డది. ఏటి ఒడ్డున పుట్టినోనికి ఈత రాదంటే ఎవలన్న నమ్ముతరా? నాకు రాదు. నా కింద బల్ల గడగడ ఒణుకుతుండె. దేవున్ని మొక్కుదామంటే ఒక్క దేవుని పేరు యాదికి రాకపాయె. అన్ని గుళ్లున్న అలంపూర్ల ఉండుకుంట!

మా యమ్మను మీదికెక్కించి ఆమె మల్లొచ్చె. నా కోసం. చేతుల వట్టి ప్లాస్టిక్ బిందె. "దీన్ని పట్టుకో. మునగవు. నీకు రొమ్ముల దాంకనే ఉన్నయి" అనె. ఆమెకెంత దాంక ఉన్నయో ఎరుకనా? గదువ దాంక. ఆమె నాకంటే జానెడు పొట్టి. మాట్లాడితే నోట్లకు నీళ్లు పోతుండె, అయినా నాకే ధైర్నం చెప్తుండె.

"ఆ నల్ల సంచి తీస్కో, ఫోటోలు అండ్లనే ఉన్నయి" అనె. ఆ ఒక్క పనే నాకు జెప్పింది. తీస్కున్న. ఒక చేత బిందె, నెత్తి మీద సంచి, కండ్లు మూస్కోని నడిస్తి. కండ్లు ఎందుకు మూసినవంటే ఏం చెప్పాలె? తెరిస్తే నీళ్లు కనవడ్తయి గద.

మీదికి పోయినంక మీ జేజి సంచి ఇప్పె. బిడ్డా, అది ఫోటోల సంచి గాదు. గోడకున్న మేకుకు రెండు నల్ల సంచులుండె. నేను తెచ్చింది కత్తిరింపు పీలికలు. జాకిట్ల ముక్కలు, అంగీల ముక్కలు. మా నాయినది ఉన్నదే ఒక్క ఫోటో, అది పాయె. మా పెండ్లి ఫోటో పాయె. మన ఇంట్ల పాత ఫోటో ఒక్కటన్న ఎందుకు లేదని నువ్వడిగితే "ఏరు తీస్కపాయె" అంటి సూడు? ఏటి తప్పేం లేదు.

మా యమ్మ ఆ పీలికలు చేతితోని తడుముకుంట, "మంచిగైంది కొడుకా, దిండు కుట్టుకోని పండుకుందాం" అనె. గా నీళ్ల నడుమ ముగ్గురు పడి పడి నవ్విరి. నేను గూడ నవ్వినట్టు జేస్తి.

తర్వాత మమ్ముల బడిల ఉంచిరి. వేరే ఊరికెల్లి ఎవలో పిలగాండ్లు అన్నం పొట్లాలు తెచ్చి, "పెద్దాయనా, ఎట్ల బయటవడ్డరు?" అని అడిగిరి. నా నోరు ఊకుంటదా? "అమ్మను మోస్కోని వస్తి" అంటి. అనంగనే పక్కకు సూస్తి, మీ జేజి ఆడనే ఉండె. తల వంచుకోని పొట్లం ఇప్పుకుంట కూసుండె.

ఇంగేముంది, కత పెరిగె. మొదలు నడుముల దాంక నీళ్లుండె, మల్ల గొంతు దాంకొచ్చె. ఒక ఏడు పామొచ్చె కతల. మొన్న నీకు రెండు పాములు చెప్పిన గద? ఆ కత ఇంకో ఏడాది బతికితే మొసలి గూడొస్తుండె.

మీ జేజి దవాఖానల ఉన్నప్పుడు ఒక దినం నేను బత్తాయి ఒలిచిస్తుంటి. ఉండవట్టలేక అడిగితి. "నర్సీ, ఆ దినం బడిల నేను అబద్ధం చెప్తుంటే నువ్వెందుకు ఊకున్నవే?"

ఆమె నా చేతిలకెల్లి ఒక తొన తీస్కోని, "ఇల్లు పాయె, మిషిను పాయె, బిక్కమొఖం యేస్కోని కూసుంటివి. గా మాట అన్నంక జర నీ మొఖంల కళ వచ్చె. పోనీ, నీకు గదన్న మిగలనీ అనుకున్న" అనె. బత్తాయి తొన నోట్ల యేస్కోని, "పుల్లగున్నది" అనె.

జరాగు. నీళ్లియ్యి.

ఇది గూడ గ్రూపుల పెట్టు. కోయకు, తుడ్పకు. పైన నర్సమ్మ అని పేరు రాయి, నా పేరు రాయకు. మీ చిన్నాయన ఏమన్న అననీ. నువ్వు సల్లగుండు బిడ్డా, పెద్ద సదువులు సదువు, నూరేండ్లు బతుకు. మంచి మొగడు దొరకనీ నీకు. గని వాడు గిట్ల గొప్పలు చెప్తే మాత్రం మీ జేజి లెక్క ఊకోకు, అందరి ముందరనే వాని చెవు పట్టుకో...