పత్తికట్టె పొడిని ‘మందు’ అన్నది నేనే

నా పేరు ఇంద్రమ్మ. భర్త సంగప్ప, ఇప్పుడు లేడు. వయసు డెబ్బై ఒకటి. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. నివాసం నారాయణఖేడ్. నేను చెబుతుంటే ఠాణా రైటర్ గోవర్ధన్ రాస్తున్నాడు. అక్షరదోషాలు అతనివి.

ఈరోజు ఉదయం పది గంటలకు నేను, నా మనుమరాలు అంకిత ఆటోలో కల్హేర్ బయలుదేరాం. అంకిత హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నది. కల్హేర్‌లో సుభాష్ అనే అతను మిరపనారు పోసే ప్లాస్టిక్ ట్రేలు తయారుచేస్తాడు. ఆ ప్లాస్టిక్‌లో కలిపి చూడటానికి పిల్ల తను ల్యాబులో చేసిన తెల్లపొడి తెచ్చింది.

దారిలో పోలీసులు ఆపి సంచి విప్పించారు. కల్లులో మత్తు కలిపేవాళ్ల కోసం వెతుకుతున్నారట.

"ఏంది బిడ్డా ఇది?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ హన్మయ్య.

"నానో సెల్యులోజ్ సార్. సర్ఫేస్ మాడిఫై చేసినం."

ఆయన మొహం చూస్తే మా ఎనిమిదో తరగతి వెనక బెంచీ యాదికొచ్చింది. అందుకని నేను తెలుగు చేశాను. "విత్తనాలకు మందు పట్టిస్తం గద నాయనా? గట్లనే మా పిల్ల ఈ పొడికి మందు పట్టించింది."

"మందా?" అన్నాడు. ఆ తర్వాత ఏమీ వినలేదు. ఇద్దరినీ ఠాణాకు తెచ్చారు.

ఆ పొడి పత్తికట్టె నుంచి తీసిన నార. కంటికి ఆనని సన్నం. నారకు నీళ్లంటే ప్రాణం, ప్లాస్టిక్‌కు నీళ్లు గిట్టవు. ఊరికే కలిపితే ఉండలు కడుతుంది. నార పైభాగాన్ని రసాయనంతో మారిస్తే ప్లాస్టిక్‌లో కలిసిపోతుంది, ట్రే గట్టిపడుతుంది. ఇదంతా ఎస్సైకి చెప్పాను. అంకిత బెంచీ మీద చున్నీ కొస వేలికి చుట్టుతున్నది, విప్పుతున్నది.

గ్లాసు నీళ్లు తెప్పించి చిటికెడు పొడి వేయించాను. తేలింది. "చూడు, కరుగుతున్నదా? ఇగ కల్లుల ఎట్ల కలుపుతరు?" అన్నాను.

"అవ్వా, మత్తుమందులు అన్నీ కరగయి. ల్యాబు రిపోర్టు రావాలె," అన్నాడు ఎస్సై.

నా సైన్సు అక్కడికి అయిపోయింది. పిల్ల గైడు సారు ఫోను ఎత్తడం లేదు. నాలుగైంది. అంకిత ఇంకా చున్నీ చుట్టుతున్నది, విప్పుతున్నది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. కేసు రాస్తే కాలేజీవాళ్లు ఏమంటారని నన్ను మూడుసార్లు అడిగింది. నాకు భయంగా ఉన్నది, అది కూడా రాయమన్నాను.

గోవర్ధన్ ముందు "మందు ఉందని నిందితురాలు ఒప్పుకున్నది" అని రాశాడు. కొట్టివేయించాను. అంకిత నోట ఆ మాట రాలేదు. అది నా మాట. ఆ మాట మీదే కేసు కట్టాలంటే నా పేరు మీద కట్టండి. పిల్లను ఇంటికి పంపండి.

ఇది నేను చెప్పిందే. చదువుకొని, దిద్దించి, ఎవరి బలవంతం లేకుండా కింద సంతకం పెడుతున్నాను. వేలిముద్ర అక్కర్లేదు.

(సం.) ఇంద్రమ్మ